ఇరవై రెండంగుళాల సోకు

ఒకప్పుడు మనిషి హోదా తలపాగాలో తెలిసేదట. ఇప్పుడు కాళ్ళలో తెలుస్తోంది. మనిషి కాళ్ళలో కాదు, అతని బండి కాళ్ళలో! అరకోటి పోసి ఏనుగులాంటి ఎస్.యు.వి. కొనడం, అది చాలదన్నట్లు కంపెనీవారిచ్చిన చక్రాలు ఊడదీయించి తిరగలి రాళ్ళంతేసి కొత్త చక్రాలు బిగించుకోవడం, వాటిని అద్దంలా తోమించి వీధిలోకి తీసుకురావడం – ఇదీ ఇప్పటి వరస. ఆ తోమించే పనికి ‘డిటైలింగ్’ అని పేరు.

మా మేనల్లుడు విజయవాడలో ఆ పనే చేస్తాడు. ఇంజనీరింగు చదివినవాడు కార్లు కడగడమేమిటని మా అక్కయ్యకు బెంగ. కారు కడగడానికి రెండు రోజులూ, వేలకు వేల రూపాయలూ ఎందుకా అని నాకు ఆశ్చర్యం. సంగతి చూద్దామని ఒక శుక్రవారం పొద్దున్నే వాడి షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ రోజు వచ్చిన బండి నల్లటిది. చక్రాలు 22 అంగుళాలవి. వెండిపళ్ళాల్లా మెరవవలసినవి మసిబారి ఉన్నాయి.

“ముందు చక్రాలే కడగాలి మావయ్యా. మురికి అక్కడే ఎక్కువ. ఒళ్ళు కడిగాక వాటి జోలికి పోతే, మళ్ళీ ఒంటిమీద చిందుతుంది” అన్నాడు వాడు. చక్రాలకు వేరే బకెట్టు, వేరే బ్రష్షులు, వేరే గుడ్డలు. మడి కట్టుకున్న మా బామ్మ కూడా ఇన్ని ఆంక్షలు పెట్టేది కాదు.

ఏదో మందు చల్లాడు. రెండు మూడు నిమిషాలకు చక్రం మీంచి వంకాయ రంగు ధారలు కారసాగాయి. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కూ, ప్యాడూ అరిగి సన్నటి ఇనుప రజను రాలుతుంది. అది వేడిమీద చక్రానికి అతుక్కుపోతుంది. మందు ఆ ఇనుముతో కలిసినప్పుడు ఈ రంగు వస్తుందన్నమాట. ఇంత ఓపిక లేనివాళ్ళు ఆసిడ్ కొట్టి చిటికెలో తేల్చేస్తారట.

“కొన్నింట్లో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. చర్మంలోంచి ఎముకదాకా పోతుంది. చక్రం మెరవడానికి నా కుర్రాళ్ళ చేతులు కాలాలా?” అన్నాడు. వాడి దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళూ మోచేతులదాకా రబ్బరు తొడుగులు వేసుకుని ఉన్నారు.

తర్వాత ఒంటి సంగతి. నురుగు చల్లి, నానబెట్టి, రెండు బకెట్లు పెట్టుకున్నారు. సబ్బునీళ్ళది ఒకటి, మురికి గుడ్డ జాడించుకునేది మరొకటి. ఒకే బకెట్టులో ముంచితే, ఇందాక తీసిన ఇసుకనే మళ్ళీ బండికి రుద్దినట్లవుతుంది. ఎండలో నల్లకార్ల మీద సాలెగూళ్ళలా కనిపించే గీతలన్నీ అలా పడ్డవే. ఆ పైన మెత్తటి బంకమట్టి ముద్దలాంటి దానితో తడితడిగా రాసి, చేతికి గరుకుగా తగిలే పొట్టంతా లాగేశారు.

ఇక మెరుగు పెట్టే యంత్రం తీస్తారనుకున్నాను. వాడు చిన్న మీటరు తీసి తలుపుల మీదా, బానెట్టు మీదా ఆనించి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాడు. కారు రంగు మీద నీళ్ళలాంటి పూత ఒకటుంటుంది. క్లియర్ కోట్ అంటారు. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక దానికంటే లావు!

“మెరుగు పెట్టడమంటే ఏదో పూయడం కాదు మావయ్యా. గీత కనిపించకుండా చుట్టూ ఉన్న పూతను కాస్త అరగదియ్యడం. అరిగింది మళ్ళీ పెరగదు. అందుకే ముందు ఎంతుందో చూసుకోవాలి” అన్నాడు. నెలనెలా మెరుగు పెట్టించేవాళ్ళు అసలులోంచి తీసి ఖర్చు పెట్టుకుంటున్నారన్నమాట!

మర్నాడు చక్రాల లోపలివైపు కడగడానికి నాలుగింటినీ ఊడదీశారు. టైరు మీద అంకెలేమిటని అడిగాను. వాడు సుద్దముక్కతో నేలమీద లెక్క వేశాడు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన టైరు 265/65 ఆర్ 17. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, లోపలి చక్రం 17 అంగుళాలు. ఇప్పుడున్నది 265/40 ఆర్ 22. మొత్తం ఎత్తు ఇంచుమించు ఒకటే. కాని రబ్బరు గోడ 172 మిల్లీమీటర్ల నుంచి 106కు దిగింది. గోతిలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునే పరుపులో మూడో వంతుకు పైగా పోయింది! పెద్దదైంది లోహమే గాని టైరు కాదు.

ఇంతలో కుర్రాడొకడు, “అన్నా, ఇది చూడు” అన్నాడు. ముందు చక్రం లోపలిగోడ మీద, సగం నిమ్మచెక్క బోర్లించినట్లు ఉబ్బు! గోతి అంచుకూ చక్రానికీ మధ్య రబ్బరు నలిగినప్పుడు లోపలి దారాలు తెగిపోతాయి. అక్కడ గాలి రబ్బరును బయటికి తోస్తుంది. దానికి మరమ్మతు లేదు. ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

సాయంత్రం బండి ఆసామి భార్యాపిల్లలతో వచ్చారు. తెల్లవారుజామున తిరుపతి ప్రయాణం. నాలుగు వందల కిలోమీటర్ల దారి.

“ఈ చక్రాలతో వెళ్ళకండి సార్” అన్నాడు మావాడు.

ఆయన ముఖం చిన్నబోయింది. “మెరిపించమని ఇచ్చాను గాని, పరీక్ష చెయ్యమని ఇచ్చానా?”

మావాడు మాట్లాడకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టాడు. ఆయన తడిమారు. ఇంకోసారి తడిమారు.

“బండి మూల స్వరూపం మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఉంది సార్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు ఈ చక్రాలే చూస్తారు” అన్నాడు.

“ఏమండీ, పాత చక్రాలు మేడమీద గదిలోనే ఉన్నాయిగా?” అన్నారు ఆవిడ.

ట్రాలీ ఆటోలో పాతవి వచ్చేసరికి ఎనిమిదయింది. వాటి టైర్లు నాలుగూ తిప్పి చూసి, గాలి కొలిచి బిగించారు. “పెద్ద చక్రాలేవీ నాన్నా?” అని చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. పెద్ద చక్రాలకు వెయ్యవలసిన పూత తాలూకు డబ్బు మావాడు లెక్కపెట్టి వెనక్కిచ్చాడు. రెండు రోజుల కష్టంలో వాడికి మిగిలేది ఆ పూతలోనే ననుకుంటాను.

మీ ఇంట్లోనూ, మీ బంధువుల ఇంట్లోనూ ఇలాంటి సోకు చేసిన బండి ఉండవచ్చు. దాన్ని తోమేవాడు రెండు రోజులు కావాలంటే విసుక్కోకండి. బయలుదేరే ముందు మీరూ ఒకసారి వంగి టైర్ల లోపలివైపు చేత్తో తడమండి. చెయ్యి నల్లబడుతుంది, సబ్బుతో పోతుంది లెండి.