బీజెడ్‌సీయా, మైక్రోబయాలజీయా?

ఇంటర్ బైపీసీ పాసయింది. నీట్‌లో సీటు రాలేదు. ఇక డిగ్రీయే! వర్ని చుట్టుపక్కల చాలా ఇళ్లల్లో అప్పుడు మొదలయ్యే వాదన ఇది.

"బీజెడ్‌సీ పాతదైపోయిందమ్మా, మైక్రోబయాలజీ తీసుకుంటా" అంటుంది కూతురు. "రేపు టీచర్ ఉద్యోగానికి పనికొచ్చేది చదువు బిడ్డా" అంటుంది తల్లి. ఇద్దరి మాటలోనూ నిజముంది.

బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన బీజెడ్‌సీలో నాచు నుంచి మర్రిచెట్టు దాకా, అమీబా నుంచి మనిషి దాకా అన్నీ కొంత కొంత చెబుతారు. లోతు తక్కువే గానీ చూపు విశాలమవుతుంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీల్లో ఒకేచోట లోతుగా తవ్వుతారు. ల్యాబ్ పని చేతికొస్తుంది. అదీ కాలేజీలో ల్యాబ్ సరిగ్గా ఉంటేనే!

మన పొలమే చూడండి. వరికి అగ్గితెగులు, చెరకుకు ఎర్రకుళ్లు తెచ్చేవి శిలీంధ్రాలు. కాండం తొలిచేది పురుగు. ఆ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి దాన్ని నాశనం చేసేది ట్రైకోగ్రామా అనే మరో చిన్న కీటకం. మొక్క, పురుగు, సూక్ష్మజీవి... మూడూ తెలిస్తేనే మడి మొత్తం అర్థమవుతుంది. కానీ తెగులును తట్టుకునే వంగడం తేవాలంటే ఒకదాని మీదే ఏళ్ల తరబడి కూర్చోవాలి. పక్కనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉన్నది అలాంటి పనికే.

తల్లి భయమూ ఊరికే వచ్చింది కాదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడితే, దాన్నే నమ్ముకున్న ఇళ్లు ఏమయ్యాయో చూసిన ప్రాంతం మనది. పదిహేడేళ్లకే ఒక్క దారిలో దిగిపొమ్మనడానికి ఎవరికైనా జంకే.

మరేం చేయాలి? దోస్త్‌లో ఆప్షన్లు ఇచ్చేముందే ఆలోచించండి. ఎమ్మెస్సీ బోటనీకి డిగ్రీలో బోటనీ, జువాలజీకి జువాలజీ చదివి ఉండాలి. బీఎడ్‌కు, టీచర్ పోస్టులకు ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో నోటిఫికేషన్లలో చూసుకోండి. మైక్రోబయాలజీతో పాటు బోటనీనో జువాలజీనో ఉన్న గ్రూపు దొరికితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. లోతైన చదువు పీజీలోనైనా మొదలుపెట్టవచ్చు. డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీలో బోటనీ, బయోటెక్నాలజీ రెండూ ఉన్నాయి.

కాలేజీకి ఒకసారి తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లి ల్యాబ్ చూడండి. మైక్రోస్కోపులు ఎన్ని, ప్రాక్టికల్స్ వారానికి ఎన్నిసార్లు, పాఠం చెప్పే లెక్చరర్ ఉన్నారా లేరా అడగండి. గ్రూపు పేరు చూసి మోసపోవద్దు. చివరిమాట మాత్రం అమ్మాయిదే కావాలి. మూడేళ్లు చదవాల్సింది తనే కదా!