సైకిలు, గాలి, గడియారం

రోజూ పదహారు కిలోమీటర్లు సైకిలు తొక్కి పనికి పోయి, సాయంకాలం మళ్ళీ పదహారు కిలోమీటర్లు తొక్కి ఇల్లు చేరడం సంసారికి సాధ్యమయ్యే పనేనా? ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా కాళ్ళను గురించే ఆలోచిస్తారు. కాళ్ళ సంగతి అంత కష్టం కాదు. కొద్ది వారాలలో అవి అలవాటుపడతాయి. అసలు చిక్కు గడియారంతో వస్తుంది. ఇంట్లో పసిపిల్ల ఉండి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులై, ఒకరు గుమ్మం దిగే వేళకు మరొకరు గుమ్మం ఎక్కవలసిన సంసారంలో ఎంత దూరం తొక్కుతారన్న దానికంటె, ఎన్ని గంటలకు వస్తారన్నదే ముందు తేలవలసిన విషయం.

ఈ రచయిత ఇల్లు చీరాలలో, ఉద్యోగం బాపట్లలో. ఈపురుపాలెం, స్టూవర్టుపురం మీదుగా పోయే దారి. ఎత్తుపల్లాలు లేని సముద్రతీరపు నేల. ఇసుక, తాటిచెట్లు, అక్కడక్కడ సరుగుడు తోటలు. గుమ్మం నుండి గుమ్మానికి సుమారు 16 కిలోమీటర్లు. నా భార్య నర్సు. రాత్రి డ్యూటీ వారాలలో ఆమె సరిగా 7 గంటలకు ఇల్లు కదలాలి. నేను 5.40కి కార్యాలయం విడిచి, గంటకు 16 కిలోమీటర్ల వేగంతో వస్తే 6.40కి ఇల్లు చేరతాను. పాపను చేతికి తీసుకోవడానికి 20 నిమిషాల వ్యవధి ఉంటుంది. కాగితం మీద లెక్క చక్కగానే ఉన్నది. మొదటి సంవత్సరం జూన్ నెలలో ఆ లెక్క తప్పింది. ఎందుకు తప్పినదో తెలుసుకోవాలంటే సైకిలు ఎట్లా నడుస్తుందో కొంచెం చూడాలి.

సమతలమైన రోడ్డు మీద సైకిలును వెనక్కు లాగేవి ముఖ్యంగా రెండు బలాలు. టైరు నేలకు ఆనినచోట నలిగి మళ్ళీ సర్దుకోవడంలో కొంత శక్తి వృథా అవుతుంది. దీనిని దొర్లుడు నిరోధం అనవచ్చు. ఇది బరువును బట్టి, రోడ్డును బట్టి, టైరులోని గాలిని బట్టి ఉంటుంది. వేగంతో దీనికి అంతగా పని లేదు. రెండవది వాయు నిరోధం. మనిషి నిటారుగా కూర్చుని పోతుంటే ఎదుట ఉన్న గాలినంతా రొమ్ముతో పక్కకు తోసుకుంటూ పోవాలి. ఈ బలం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే వాయు నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని రెట్టింపు వేగంతో తోయాలి కనుక కాళ్ళు ప్రతి సెకండుకు చేయవలసిన పని, అంటే సామర్థ్యం, ఈ పద్దు కింద ఎనిమిది రెట్లవుతుంది.

మనిషి, సైకిలు, సంచీ కలిపి 90 కిలోగ్రాములు ఉన్నాయనుకుందాం. మనం ఊళ్ళలో చూసే బరువైన నల్ల సైకిలు, ఓ మోస్తరు తారురోడ్డు. గాలి లేనినాడు గంటకు 16 కిలోమీటర్ల వేగానికి సుమారు 62 వాట్ల సామర్థ్యం కావాలి. అశ్వశక్తిలో ఇది పన్నెండవ వంతు. పాతరకం సీలింగు ఫాను వాడుకునే విద్యుత్తు కంటె కొంచెం తక్కువే. ఆరోగ్యవంతుడైన మనిషి ప్రత్యేకమైన శిక్షణ లేకుండానే ఇంతపాటి పనిని గంట, రెండు గంటలు ఆగకుండా చేయగలడు. ఈ వేగం వద్ద దొర్లుడు నిరోధమూ, వాయు నిరోధమూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

ఇప్పుడు తొందరపడి చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే సుమారు 100 వాట్లు కావాలి. 60 నిమిషాల ప్రయాణం 48 నిమిషాలవుతుంది. 12 నిమిషాల కోసం ఇంచుమించు 60 శాతం అధికంగా శ్రమించాలన్నమాట. ఇంకా తొందరపడి 24 కిలోమీటర్లకు పోతే 150 వాట్లు కావాలి; అందువలన కలిసివచ్చేది మరి 8 నిమిషాలే. వేగం పెంచినకొద్దీ నిమిషం ధర పెరుగుతుంది. అంగడిలో ఇటువంటి బేరం ఎవరూ చేయరుగాని, ఆలస్యమైనప్పుడు సైకిలు మీద అందరమూ చేస్తాం.

దీనికి ఎదురుగాలి తోడయితే ఏమవుతుందో చూడండి. గంటకు 11 కిలోమీటర్ల గాలి పెద్ద గాలి కాదు. ముఖానికి తెలుస్తుంది, ఆకులు గలగలలాడతాయి, అంతే. అరుగు మీద కూర్చున్నవాడికి హాయిగా ఉంటుంది. దానికి ఎదురుగా 16 కిలోమీటర్ల వేగంతో పోయేవాడి రొమ్ముకు మాత్రం 27 కిలోమీటర్ల గాలి తగులుతుంది. అదే వేగం నిలుపుకోవాలంటే 62 వాట్లు చాలవు, సుమారు 118 కావాలి. ఎప్పటి శ్రమతోనే తొక్కితే వేగం 11 కిలోమీటర్లకు పడిపోతుంది. గంట ప్రయాణం 86 నిమిషాలవుతుంది. 5.40కి బయలుదేరినవాడు 7.06కి గుమ్మం ఎక్కుతాడు. ఆ జూన్ సాయంకాలం నాకు జరిగినది ఇదే. గాలి సంగతి తెలియక, కాళ్ళను నమ్ముకుని, సగం దూరం రెట్టింపు శ్రమతో తొక్కాను. స్టూవర్టుపురం దాటేసరికి దిగి, సైకిలు తాటిచెట్టుకు చేరవేసి, నీళ్ళు తాగవలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి పాప ప్రక్కింటి పిన్నిగారి ఒడిలో నిద్రపోతున్నది. నా భార్య పావుగంట ఆలస్యంగా డ్యూటీకి చేరి, మాట పడింది.

సాయంకాలం ఎదురైన గాలి ఉదయం వెనకనుండి తోసి ఉంటుంది కదా, జమాఖర్చులు సరిపోవా అని పాఠకులు అడగవచ్చు. సరిపోవు. ఉదయమూ, సాయంకాలమూ అదే గాలి ఒకే వేగంతో వీచినా, వెనుకగాలితో వచ్చే లాభం 16 నిమిషాలు, ఎదురుగాలితో వచ్చే నష్టం 26 నిమిషాలు. నిరోధం వర్గాన్ని అనుసరించి పెరగడం ఒక కారణం. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతాం కనుక దాని బారిన ఎక్కువసేపు పడి ఉండడం మరొక కారణం. పైగా గాలి రోజంతా ఒకే తీరున ఉండదు. రాత్రి చల్లబడిన నేలమీది గాలిపొర తెల్లవారుజామున దాదాపు కదలకుండా ఉంటుంది. పొద్దెక్కి నేల కాగినకొద్దీ ఆ పొర పైకి లేచి, పైన వేగంగా పోయే గాలితో కలిసిపోతుంది. ఆ వేగంలో కొంత కిందికి దిగుతుంది. అందువలన సాధారణంగా గాలి ఉదయం మందంగా ఉండి, మధ్యాహ్నం తరువాత బలపడుతుంది. ఉదయపు గాలి సాయంకాలపు గాలిలో సగమే అనుకుంటే, దానివలన కలిసివచ్చేది 9 నిమిషాలు మాత్రమే.

బాపట్ల చీరాలకు ఈశాన్యంగా ఉన్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు మనకు నైరుతి, పడమటి గాలులు. కనుక ఇల్లు చీరాలలో, పని బాపట్లలో ఉన్నవాడికి ఆ నాలుగు నెలలూ సాయంకాలం ఎదురుగాలే. బాపట్లలో కాపురముండి చీరాలకు పనికి వచ్చేవాడికి అదే గాలి ఇంటికి తోసుకుపోయే చుట్టం. శీతకాలంలో ఈశాన్యపు గాలులు వచ్చినప్పుడు వ్యవహారం తారుమారవుతుంది. దూరం పనిలో చేరేవారు రోడ్డు పటం చూస్తారు, రైళ్ళ వేళలు చూస్తారు. సాయంకాలం గాలి ఏ దిక్కునుండి వీస్తుందో చూసేవారిని నేను ఎరగను. సముద్రపు గాలి ఈ రోడ్డుకు ఇంచుమించు అడ్డంగా వస్తుంది. అడ్డగాలి ఖర్చు లేనిదనుకోవడం కూడా పొరపాటే. అది కూడా నిరోధాన్ని కొంత పెంచుతుంది. సరుగుడు తోటలు రోడ్డును ఆనుకుని ఉన్నచోట మాత్రం ప్రాణం లేచివస్తుంది.

గాలిని ఆపలేం కాని, దానికి ఇచ్చే సుంకం తగ్గించుకోవచ్చు. మోచేతులు కొంచెం వంచి ముందుకు వాలితే ఎదురుగాలిలో పది పన్నెండు వాట్లు ఆదా కావచ్చు. చొక్కా గాలికి తెరచాపలాగ ఉబ్బకుండా చూసుకోవాలి. తోడు ఉంటే ఒకరి వెనుక ఒకరు వంతులవారీగా పోవచ్చు. వెనుకవాడికి గాలి బాగా తగ్గుతుంది. ఈ సూత్రాన్ని లారీ వెనుక ప్రయోగించవద్దు. లారీ బ్రేకు వేసినంత త్వరగా సైకిలు ఆగదు, వానలో తడిసిన ఇనుపరిమ్ము మీద అసలే ఆగదు.

బరువు విషయంలో మనకున్న భయం చాలావరకు అనవసరం. సమతలం మీద పది కిలోల బియ్యం సంచీ అదనంగా వేసుకున్నా అయ్యే ఖర్చు మూడున్నర వాట్లు మాత్రమే. కనుక ఇంటికి కూరగాయలు తెచ్చే పని సైకిలుకు అప్పగించడంలో నష్టం లేదు. అదే టైరులో గాలి తగ్గితే రోజంతా చెల్లించుకోవాలి. ప్రతి ఆదివారం పంపు పట్టుకోవడం నేను చూసినవాటిలో అన్నిటికంటె చవకైన వైద్యం. సీటు ఎత్తు కూడా చూసుకోవాలి. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్న సైకిలుకు 16 కిలోమీటర్లలో పెడలు సుమారు 3000 సార్లు తిరుగుతుంది. అంటే ప్రతి మోకాలూ ఒక వైపు ప్రయాణంలోనే 3000 సార్లు ముడుచుకుని చాచుకోవాలి. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేటట్లు సీటు ఎత్తుకుంటే నొప్పి దరిచేరదు.

ఇక తిండి, చెమట. మన కండరాలు తిండిలోని శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా మార్చలేవు, మిగిలినదంతా ఉష్ణమవుతుంది. రానుపోను రెండు గంటల ప్రయాణానికి సుమారు 500 కిలో కాలరీలు ఖర్చవుతాయి. ఇది దాదాపు 140 గ్రాముల బియ్యంతో సమానం. అయినా సైకిలు పిసినారి బండి. నడకకు అయ్యే శక్తిలో సుమారు అయిదవ వంతుతోనే అంత దూరమూ పోవచ్చునని 1973లో ఎస్.ఎస్. విల్సన్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో లెక్కకట్టి చూపాడు. పుట్టిన ఉష్ణాన్ని బయటికి పంపేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరయితే సుమారు 580 కిలో కాలరీల ఉష్ణం పోతుంది. ఆవిరి కావాలి సుమా! తీరప్రాంతపు ఉక్కలో బొట్లుగా కారిపోయిన చెమట చల్లదనం ఇవ్వదు, నీళ్ళూ ఉప్పూ మాత్రం పట్టుకుపోతుంది. సైకిలు సాగుతున్నంతసేపు గాలి తగిలి ఒళ్ళు ఆరుతూ ఉంటుంది. దిగగానే ఒక్కసారిగా చెమట పోస్తుంది. కనుక చివరి కిలోమీటరు నెమ్మదిగా పోయి, పది నిమిషాలు నీడన నిలిచి, తరువాత చొక్కా మార్చుకోవడం మంచిది. బయలుదేరేముందు ఉప్పు వేసిన మజ్జిగ నా అలవాటు. ఎండకు శరీరం సర్దుకోవడానికి పది నుండి పదునాలుగు రోజులు పడుతుంది. కొత్తవారు మొదట వారానికి రెండు రోజులు సైకిలు, తక్కిన రోజులు రైలు పెట్టుకోవాలి. మే నెలలో మొదలుపెట్టకూడదు.

ఇంత శ్రమకు ఫలమేమిటని అడిగితే, 2017లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడిన పరిశోధన ఒకటి ఉన్నది. బ్రిటనులో రెండున్నర లక్షలమందికి పైగా పరిశీలించగా, సైకిలు మీద పనికి పోయేవారిలో మరణాల ప్రమాదం 41 శాతం తక్కువగా కనబడింది. అదంతా సైకిలు మహిమే అనడానికి వీలులేదు. ఆరోగ్యం ఉన్నవారే సైకిలు ఎక్కడం కూడా కొంత కారణం కావచ్చు. మన రోడ్లూ ఆ రోడ్లూ ఒకటి కావు. డిసెంబరులో మనకు 5.40కే పొద్దుగూకుతుంది. ముందు దీపం, వెనుక ఎర్రదీపం లేకుండా బయలుదేరేవాడు ఈ లెక్కలలో దేనినీ నమ్ముకోకూడదు.

జూన్‌లో తప్పిన లెక్క తరువాత నేను ఒక పుస్తకంలో రోజూ బయలుదేరిన వేళ, చేరిన వేళ, గాలి దిక్కు రాయడం మొదలుపెట్టాను. రెండు నెలలయిన తరువాత నా భార్య ఆ పుస్తకం తిరగేసి, ‘‘మీరు త్వరగా రానక్కరలేదండీ, చెప్పిన వేళకు రండి, చాలు’’ అన్నది. దానితో మా ఏర్పాటు మారింది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నేను చెప్పే వేళ 6.40 కాదు, 7.10. ఆ నెలలలో రాత్రి డ్యూటీ పడిన వారం సైకిలు ఇంట్లో ఉంటుంది, నేను రైలులో పోతాను. పగటి డ్యూటీ వారాలలో అరగంట ఆలస్యం ఎవరికీ పట్టదు కనుక యథాప్రకారం సైకిలే. పిన్నిగారికి ముందుగానే చెప్పి ఉంచుతాం. శీతకాలంలో సాయంకాలపు గాలి వెనుకనుండి వచ్చినా నేను చెప్పే వేళ 6.40 గానే ఉంచాను. అప్పుడప్పుడు 6.25కే చేరతాను. మిగిలిన పావుగంటలో పాప సైకిలు బెల్లు కొట్టుకుంటుంది, నేను గొలుసుకు నూనె వేస్తాను.