పెండ్లి ఎల్లమ్మతో, కాపురం దొరతో

పాత మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో మాదిగ, మాల ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి పెండ్లి చేస్తే ఆమె జోగిని. రాయలసీమలో బసివి అంటరు. తాళి దేవతది, పడక మాత్రం ఊరి పెద్దకులపోడిది. వాడికి మోజు తీరితే ఆ సంబంధం తీరినట్టే. ఆమె తాళికి మాత్రం తీరేదంటూ లేదు: ఊరి లెక్కలో మారుమనువు లేదు, మనోవర్తి లేదు, బిడ్డకు వాటా లేదు.

1947 మద్రాసు చట్టం నిజాం రాజ్యంలోని తెలంగాణకు వర్తించలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. అది శిక్షించేది అంకితం చేసినోళ్ళని, అందులో పాలుపంచుకున్నోళ్ళని. అంటే ముందు దొరికేది కూలికెళ్ళే తల్లిదండ్రులే. వాడుకొని వదిలేసినోడి సంగతేంది?

బడిలో పిల్లవాణ్ణి తండ్రి పేరడుగుతరు. ఊరంతా ఎరిగిన ఆ పేరు ఎవరూ పలకరు. మనం పలికించాల్సింది ఆ పేరే.