మంచువాలుల ఎంపిక

తెలుగులో 'మంచు' అనే మాట ఒకటే అయినా అది తెలిపే వస్తువులు అనేకం. వేకువజామున వరిపైరుపై ముత్యాల వలె నిలిచేదీ మంచే. పుష్యమాసపు ఉదయాన నిజాంసాగర్ జలాశయంపై తెర వలె కమ్ముకొనేదీ మంచే. హిమాలయ శిఖరాలను ఏడాది పొడవునా కప్పి ఉంచేదీ మంచే. తుహినం, తుషారం, నీహారం, హిమం అనే సంస్కృతపదాలు కావ్యాలలో విరివిగా ఉన్నా, ఇంటివాడుకలోకి వాటిని తెచ్చుకొనే అవసరం మనకు కలుగలేదు. ఆకాశం నుంచి దూదిపింజల వలె రాలే మంచును మన నేల ఎరుగదు కదా! అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి 'ఆంధ్రా కాశ్మీరం' అనే పేరు వచ్చింది. అయితే అక్కడ యాత్రికులు ప్రధానంగా చూసేది పొగమంచునే. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన 'స్నో వరల్డ్' యంత్రాలతో మంచును సృష్టించి తెలుగువారికి దాని స్పర్శను పరిచయం చేసింది. కాని నాలుగు గోడల నడుమ ఉన్న మంచుకూ, కొండవాలుపై పరచుకొన్న మంచుకూ ఎంతో భేదం ఉన్నది.

ఆ వాలుపై పలకలు కట్టుకొని జారే క్రీడను ఒక్కసారైనా అనుభవించాలని ఎల్లారెడ్డిలోని విద్యార్థికీ అనిపించవచ్చు. అందులో అసహజమేమీ లేదు. అటువంటి యాత్రకు తగిన చోటును ఎంచుకోవడం ఎలా అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

తెలుగు సాహిత్యంలో హిమాలయయాత్ర అనగానే స్ఫురించే పేరు ప్రవరుడు. 16వ శతాబ్దికి చెందిన అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రములో, అరుణాస్పదపురవాసి అయిన ఆ గృహస్థు సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం మహిమతో హిమవత్పర్వతాన్ని చేరుకొన్నాడు. అక్కడి వింతలను చూసి ఇంటికి మరలబోయే వేళకు, ఎండకు కరిగిన మంచునీటిలో ఆ లేపనం కూడా కరిగిపోయినదని గ్రహించాడు. కథకు అది ఆరంభం. ప్రయాణికునికి మాత్రం హెచ్చరిక. పోయే దారిని గురించి ఆలోచించినంతగా వచ్చే దారిని గురించి ఆయన ఆలోచించలేదు. నేటి యాత్రికులలోనూ ఈ స్వభావం కనిపిస్తుంది. ఛాయాచిత్రంలో అందంగా తోచిన శిఖరాన్ని ముందుగా నిర్ణయించుకొని, అక్కడ మంచు ఏ నెలలో పడుతుంది, వాలు ఎంత నిటారుగా ఉంటుంది, నేర్పేవారు ఎవరు, తిరిగి వచ్చే దారి ఏది అనే ప్రశ్నలను తరువాతికి వదలివేస్తారు. ముందుగా అడగవలసినవి ఈ నాలుగు ప్రశ్నలే. ఊరిపేరు వాటికి జవాబుగా రావాలి.

ముందుగా ఆ క్రీడను గురించి కొంత తెలుసుకొందాం. 'స్కీ' అనే మాట చీల్చిన కొయ్య అనే అర్థం గల ప్రాచీన నార్వే పదం నుంచి పుట్టింది. రెండు పాదాలకు రెండు పొడవైన పలకలు బిగించుకొని, చేతుల్లో రెండు ఊతకర్రలు పట్టుకొని, ముందుకు చూస్తూ జారడం స్కీయింగ్. మంచుదేశాలలో అది మొదట ఆట కాదు, శీతకాలంలో ఒకచోటు నుంచి మరొక చోటికి పోయే సాధనం. స్నోబోర్డు నిన్నమొన్నటిది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే వ్యక్తి తన కుమార్తెల కోసం రెండు స్కీలను జతచేసి తయారుచేసిన ఆటవస్తువు దాని వికాసానికి దారితీసింది. 1998లో జపానులోని నగానో ఒలింపిక్ క్రీడలలో దానికి తొలిసారి స్థానం లభించింది. దీనిలో పాదాలు రెండూ ఒకే పలకపై ఉంటాయి; శరీరం పక్కకు తిరిగి ఉంటుంది. సాధారణంగా మొదటిరోజు స్కీలపై నిలబడడమే సులభం. స్నోబోర్డు నేర్చుకొనేవారు ఆరంభంలో ఎక్కువసార్లు పడతారు. పడుతూ చేతులు నేలకు ఆనించడం వల్ల మణికట్టుకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. స్కీయింగ్‌లో మోకాలిని కాపాడుకోవాలి. రెండు మూడు రోజులే వ్యవధి ఉన్నవారు స్కీలతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఇక మొదటి ప్రశ్న నెలను గురించినది. మన వానలు నైరుతి నుంచి వస్తాయి. హిమాలయాలలో శీతకాలపు మంచు పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన అల్పపీడనాలు ఇరాన్, అఫ్ఘనిస్తాన్ దేశాల మీదుగా ప్రయాణించి పశ్చిమ హిమాలయాలను తాకినప్పుడు అక్కడ మంచు కురుస్తుంది. వాతావరణశాస్త్రజ్ఞులు వీటిని 'పశ్చిమ అలజడులు' అంటారు. మన రైతు మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెట్టుకొన్నట్లే కాశ్మీరీయులు చలికాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల గడ్డుచలి 'చిల్లై కలాన్'. ఆ తరువాతి ఇరవై రోజులు 'చిల్లై ఖుర్ద్'. చివరి పది రోజులు 'చిల్లై బచ్చా'. తొలి నలభై రోజుల్లో పడిన మంచు గట్టిపడి చాలాకాలం నిలుస్తుంది. ఆలస్యంగా పడినది త్వరగా కరిగిపోతుంది.

కార్తె వచ్చినా వాన రాని సంవత్సరాలు మనకు తెలియనివి కావు. మంచుకూ అదే గతి. 2024 జనవరిలో చిల్లై కలాన్ నడుస్తుండగానే గుల్మార్గ్ మైదానం మంచు లేక ఎండుగడ్డితో బోసిపోయింది. ఆ నెలాఖరుకు గాని హిమపాతం మొదలుకాలేదు. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలనందున వాయిదాపడి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. మృగశిరలో నిజాంసాగర్ వైపు చూసే ఎల్లారెడ్డి రైతు మనసులోని ఆందోళనను, జనవరిలో ఆకాశం వైపు చూసే గుల్మార్గ్ గైడు సులభంగానే అర్థం చేసుకొంటాడు. ఇద్దరికీ ఏడాది కూడు దానిమీదనే ఆధారపడి ఉన్నది.

ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. సంక్రాంతి సెలవులు కొద్దిరోజులే. అందులో రానుపోను ప్రయాణానికే సగం పోతాయి. పైగా జనవరి నడుమ మంచు పడుతుందన్న నమ్మకం తగ్గిపోయింది. మంచు బాగా ఉండే ఫిబ్రవరి పరీక్షలకు చదువుకొనే కాలం. పరీక్షలు ముగిసిన తరువాత మార్చిలో వెళ్ళాలంటే, అప్పటికీ మంచు నిలిచి ఉండే ఎత్తైన చోటునే ఎంచుకోక తప్పదు. సుమారు వెయ్యి మీటర్లు పైకి పోయినకొద్దీ ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల వరకు తగ్గుతుంది. అంతేగాక దక్షిణపు ఎండ నేరుగా పడే వాలుకంటే ఉత్తరానికి తిరిగి ఉన్న వాలుపై మంచు ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ రెండు సూత్రాలు తెలిసినవానికి పటం చూడగానే సగం సమాధానం దొరుకుతుంది.

మన దేశంలో ఈ క్రీడకు ప్రధానస్థానం గుల్మార్గ్. ఆంగ్లేయ అధికారులు 1927లోనే అక్కడ స్కీ క్లబ్బును నెలకొల్పారు. శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పచ్చికమైదానం శీతకాలంలో మంచుమైదానంగా మారుతుంది. అక్కడి నుంచి కేబుల్ కారు రెండు అంచెలుగా పైకి పోతుంది. 1998లో ప్రారంభమైన మొదటి అంచె కొంగ్‌డూరి వరకు, 2005లో ప్రారంభమైన రెండవ అంచె అఫర్వత్ పర్వతభుజంపై సుమారు 3,950 మీటర్ల ఎత్తు వరకు తీసుకొనిపోతాయి. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరపున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ కొండ దిగువనున్న తంగ్‌మార్గ్ వాసి.

అయితే గుల్మార్గ్ ఒకటే ఊరు కాదు, రెండు ఊళ్ళు అనుకోవాలి. క్రింది మైదానపు సున్నితమైన వాలులు పసిపిల్లలకు కూడా తగినవి. పైనున్న అఫర్వత్ వాలులు ఆరితేరినవారికి మాత్రమే. అక్కడ చాలాభాగం యంత్రాలతో చదును చేయని సహజమైన మంచు. అటువంటి చోట హిమపాతపు చరియలు ఉన్నట్టుండి విరిగిపడతాయి. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్ వద్ద శిక్షణ పొందుతున్న సైనికులలో 17 మందిని మంచుచరియ బలిగొన్నది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్‌పై ఇద్దరు పోలండు దేశీయులు మరణించారు. వీరు ఎవరూ మంచు ఎరుగని మనవంటివారు కారన్నది గమనించాలి. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులలోనే మంచుచరియలు ఎక్కువగా జారుతాయి. భారీగా మంచు కురిసిన మరునాడు ప్రమాదం మరింత ఎక్కువ. వింత ఏమంటే, కొత్త మంచుపై జారాలనే ఉబలాటమూ ఆ రోజుననే ఎక్కువ! రక్షణ పరిశోధనాసంస్థకు చెందిన విభాగమూ, స్థానికాధికారులూ ప్రకటించే చరియల హెచ్చరికను ఆ ఉదయం తెలుసుకోకుండా కేబుల్ కారు ఎక్కరాదు.

ఎత్తు మరొక విషయం. సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్లకు మించని నేలపై పెరిగిన మన ఊపిరితిత్తులకు నాలుగువేల మీటర్ల వద్ద అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులకు లోపే. వెళ్ళిన మొదటిరోజు విశ్రాంతికి కేటాయించడం సోమరితనం కాదు. తలనొప్పి, వాంతులు మొదలైతే క్రిందికి దిగడమే తొలి చికిత్స.

ఉత్తరాఖండ్‌లోని ఔలి తెలుగువారికి మరొక రీతిలో పరిచితమే. బదరీనాథ్ యాత్రకు వెళ్ళే మన పెద్దలు దాటిపోయే జోషీమఠ్ పట్టణానికి ఎగువన ఉన్న కొండవాలు అది. 2,500 నుంచి 3,050 మీటర్ల ఎత్తు వరకు వ్యాపించిన ఆ వాలుల ఎదుట 7,816 మీటర్ల నందాదేవి శిఖరం నిలిచి ఉంటుంది. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలలో కొన్ని ఇక్కడ జరిగాయి. వాలు ఒక క్రమంలో దిగుతుంది గనుక నేర్చుకొనేవారికి ఇది అనువైనదని పేరు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అనే ప్రభుత్వసంస్థ ఏడురోజుల, పద్నాలుగు రోజుల శిక్షణలకు ప్రసిద్ధి పొందింది. కాని జోషీమఠ్ కథ చెప్పకుండా ఔలిని సిఫారసు చేయడం న్యాయం కాదు. పూర్వపు కొండచరియల శిథిలాలపై వెలసిన ఆ పట్టణంలో 2023 జనవరిలో నేల కుంగి, వందలాది ఇళ్ళు బీటలువారి, ఎన్నో కుటుంబాలు ఇళ్ళు విడిచిపోవలసి వచ్చింది. జోషీమఠ్ నుంచి ఔలికి పోయే సుమారు నాలుగు కిలోమీటర్ల రోప్‌వేను అప్పుడే నిలిపివేశారు. రోప్‌వే ఛాయాచిత్రాన్ని చూసి ఔలిని ఎంచుకొనేవారు దాని స్థితిని ముందుగా విచారించుకోవాలి. రహదారి మార్గం వేరే ఉన్నది. ఒక కొండ ఎన్ని హోటళ్ళను, ఎన్ని వాహనాలను మోయగలదన్న ప్రశ్న కూడా అక్కడికి పోయేవారు వేసుకోవలసినదే.

హిమాచల్ ప్రదేశ్‌లోని సోలాంగ్ లోయ మనాలికి సమీపంలో ఉన్నది. చేరుకోవడం సులభం, జనసమ్మర్దం అధికం. మంచులో ఒకపూట ఆడుకొని రావాలనుకొనే కుటుంబాలకు అది చాలు. నిజంగా నేర్చుకోదలచినవారు మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ శిక్షణను గురించి విచారించవచ్చు. గుల్మార్గ్‌లోనూ కేంద్ర పర్యాటక శాఖకు చెందిన స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉన్నది. ఇటువంటి సంస్థలలో చేరడానికి వయస్సు, ఆరోగ్యం, తేదీలు మొదలైన నియమాలు ఉంటాయి గనుక నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి. దారిలో కనిపించిన ప్రతివానినీ గురువుగా స్వీకరించడం డబ్బుకూ ఎముకలకూ కూడా నష్టం.

విదేశాలలోని స్కీ కేంద్రాలలో వాలుల కాఠిన్యాన్ని రంగులతో సూచిస్తారు. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం ఆరంభదశకు, నీలి చతురస్రం మధ్యమదశకు, నల్లని వజ్రాకారం నిపుణులకు గుర్తు. ఐరోపాలో నీలానికీ నలుపుకూ నడుమ ఎరుపు కూడా ఉన్నది. కాలిఫోర్నియాలో స్థిరపడిన మన బంధువులు సెలవురోజుల్లో తాహో సరస్సు ప్రాంతానికి వెళ్ళి వచ్చి ఈ రంగుల మాటలే చెబుతుంటారు. మన దేశంలో ఈ గుర్తులు అన్నిచోట్లా కనిపించవు. అందువల్ల 'ఇది మొదటిసారి దిగేవారి వాలేనా?' అని శిక్షకుని నోట వినడం తప్పనిసరి.

క్రమంగా పైకి పోవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఎల్లారెడ్డివారు దూరం చూడనక్కరలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పొరుగునే ఉన్న తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు శిఖరాన్ని చేరుకొన్నది. ఆమె నేరుగా మంచుకొండకు పోలేదు. మొదట భువనగిరి రాతికొండ, తరువాత డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి. వీటన్నిటి తరువాతనే ఎవరెస్టు. పర్వతారోహణ వేరు, స్కీయింగ్ వేరు. అయినా చలినీ ఎత్తునూ అలవాటు చేసుకొనే పద్ధతి రెండింటికీ ఒకటే.

ఇక దారి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి గాని హైదరాబాదుకు గాని చేరి ఢిల్లీకి రైలెక్కడం వరకు చిక్కు లేదు. ఆ పైననే ఊహించనివి ఎదురవుతాయి. 2025 జూన్ నుంచి కాట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు నడుస్తున్నందున జమ్మూ రహదారి మూసుకుపోయినా ఒక ఆధారం ఉన్నది. కాని భారీ హిమపాతంలో శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి. తంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్‌కు ఎక్కే వాహనాల చక్రాలకు గొలుసులు కట్టవలసి వస్తుంది. కనుక తిరుగు టికెట్టుకు ముందు రెండు ఖాళీరోజులు ఉంచుకొని, వాటికి తగిన పైకాన్ని విడిగా దాచుకోవాలి. పాదలేపనం నమ్ముకొనే రోజులు కావు కదా!

సామగ్రిని కొనవలసిన పని లేదు. స్కీలు, బూట్లు, శిరస్త్రాణం అక్కడ అద్దెకు దొరుకుతాయి. చేతితొడుగులూ, లోపలి ఉన్నివస్త్రాలూ మాత్రం స్వంతవి ఉండాలి. మనకు అలవాటైన నూలుబట్ట తడిస్తే ఆరదు, ఒంటివేడిని లాగివేస్తుంది. కొత్త మంచు తనపై పడిన వెలుగులో అయిదింట నాలుగు వంతులకు పైగా తిప్పికొడుతుంది గనుక నల్లకళ్ళద్దాలు అలంకారం కాదు, అవసరం. అద్దెబూటు విషయంలో మొగమాటం పనికిరాదు. తొడిగి బిగించిన తరువాత మడమ లేచినా, వేళ్ళు నొక్కుకొన్నా వెంటనే మార్చమని అడగాలి. మడమ కదిలే బూటుతో వాలుపై ఎటు తిరగాలన్నా పలక మాట వినదు.