భట్టిప్రోలు స్తూపదర్శనము



బాపట్ల భావనారాయణస్వామిని, పొన్నూరు ఆంజనేయస్వామిని సేవించుకొనుటకు తెనాలి, రేపల్లె ప్రాంతముల నుండి భక్తులు నిత్యము వచ్చిపోవుచుందురు. తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గముమీద భట్టిప్రోలు అను గ్రామము గలదు. ఇప్పుడది బాపట్ల జిల్లాలోనిది. అచట ప్రాచీనమైన బౌద్ధ మహాస్తూపము గలదు. మన యాత్రికులలో అనేకులు దానివైపు తొంగియైనను చూడక పోవుచుందురు. చూడవలయునని తలచినవారును ఒక సందేహముచే వెనుకాడుచుందురు.

"అయ్యా, అది బౌద్ధుల స్థలము గదా! పైగా అస్థులు నిక్షేపించిన దిబ్బ యట. దేవాలయమునకు పోవుచు అట్టిచోట అడుగు పెట్టవచ్చునా? పెట్టినచో మరల స్నానము చేయవలయునా?" అని మమ్ము పలువురు అడిగియున్నారు. ఇది పరిహాసమునకు అడుగు ప్రశ్న కాదు. ఆచారమునందు శ్రద్ధగలవారు అడుగు ప్రశ్న. కావున శాస్త్రమును, చరిత్రమును రెంటిని ముందుంచుకొని సమాధానము చెప్పుట మా విధి.

మొదట స్తూప మనగా నేమో తెలిసికొందము. ఈ శబ్దము బౌద్ధులు క్రొత్తగా కల్పించినది కాదు. ఋగ్వేద ప్రథమ మండలమున శునశ్శేపుని వరుణస్తుతిలోనే స్తూప శబ్దము కానవచ్చుచున్నది. మీదికి లేచిన రాశి, కుచ్చు అని దాని యర్థము. మృతుల అస్థులను సంచయనము చేసి, వానిపై మట్టిగడ్డలతో చితిని నిర్మించు లోష్టచితి యను విధి మన పితృమేధ ప్రకరణములందు గలదు. శతపథ బ్రాహ్మణము పదుమూడవ కాండమున ఇట్టి దిబ్బల ఆకారమునుగూర్చి చర్చ యున్నది. వైదికులు చతురస్రముగను, తూర్పుదేశపు ఇతరులు గుండ్రముగను కట్టుదురని అచట చెప్పబడినది. బౌద్ధులు గ్రహించినది గుండ్రని ఆకారము. ఆకారము భిన్నమైనను, మహనీయుని దేహశేషమును భూమిలో నుంచి దానిపై గుర్తు నిలుపుట ఈ దేశమున మిక్కిలి ప్రాచీనమైన ఆచారమని దీనివలన తెలియుచున్నది.

ఇక భట్టిప్రోలు సంగతి. 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖాధికారి ఇచట త్రవ్వకములు జరిపెను. అండభాగము వ్యాసము సుమారు 132 అడుగులనియు, దానిచుట్టును 8 అడుగుల వెడల్పుగల వేదిక యున్నదనియు అప్పుడు తేలినది. గర్భమునందు మూడు రాతి కరండములు దొరకినవి. వానిలో స్ఫటిక భరిణెలు, బంగారు పువ్వులు, ముత్యములు, శరీరధాతువులు ఉండెను. కరండములపై చెక్కిన శాసనములు బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నున్నవి. జార్జి బ్యూలర్ అను పండితుడు వీనిని చదివి 1894లో ప్రకటించెను. ఇందలి కొన్ని అక్షరములు అశోకుని శాసనముల అక్షరములకంటె భిన్నముగా నుండుటచే దీనికి భట్టిప్రోలు లిపి యను పేరే ఏర్పడినది. తెలుగులిపి చరిత్రమును చెప్పువారు ఈ శాసనములను తప్పక స్మరింతురు.

భక్తులు ప్రత్యేకముగా గమనింపదగిన విశేష మొకటి ఆ శాసనములందే గలదు. బుద్ధుని శరీరధాతువు నుంచుటకై మంజూషను, స్ఫటిక సముద్గకమును చేయించినవారి పేర్లు వానిపై నున్నవి. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అని ఒకచోట నున్నది. మరియొకచోట కుబిరకుడను రాజు పేరున్నది. కుబిరక మనగా కుబేర శబ్దమునకు ప్రాకృతరూపము. శివుని పేరు పెట్టుకొన్న గృహస్థుడు, కుబేరుని పేరు పెట్టుకొన్న రాజు, బుద్ధధాతువునకు పెట్టె చేయించిరి. పేరునుబట్టి మతమును నిర్ణయింపరాదు. కాని ఆ దిబ్బను కట్టినవారు ఎచటినుండియో వచ్చిన పరజనులు కారు. మన ఊళ్ల తల్లులు, తండ్రులు, కొడుకులే యని మాత్రము నిస్సందేహముగా చెప్పవచ్చును.

ఇప్పుడు అశౌచమునుగూర్చిన సందేహమునకు వత్తము. మంత్రాలయమునకు పోయి శ్రీ రాఘవేంద్రస్వామివారి బృందావనమునకు ప్రదక్షిణము చేయువారెవరైనను తిరిగివచ్చి మైలస్నానము చేయుదురా? చేయరు. దర్శనమునకు ముందే స్నానము చేసి పోవుదురు. యతి దేహత్యాగమువలన జ్ఞాతులకు ఆశౌచము లేదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. గౌతమ బుద్ధుడు రాజ్యమును, దారాపుత్రులను విడిచిన పరివ్రాజకుడు. యతులను సమాధి చేయుట మన మర్యాద. ఆయన దేహమునకు కుశీనగరమున దహనము జరిగినది. ఆ భేదము లేకపోలేదు. అయినను సర్వసంగపరిత్యాగి స్మారకమను న్యాయము రెండుచోట్ల నొక్కటియే. పైగా భట్టిప్రోలు కరండములు చెన్నపురి మ్యూజియమునకు ఎన్నడో తరలింపబడినవి. కావున స్తూపదర్శనమువలన స్నాననిమిత్తమైన దోష మేదియు లేదని మా నిశ్చయము.

"వేదప్రామాణ్యమును అంగీకరింపని మతము గదా" యని మరికొందరందురు. నిజమే. కుమారిలభట్టపాదులు, శంకర భగవత్పాదులు బౌద్ధమతమును తర్కముతో ఖండించిరి. ఆ ఖండనమును మేమును పాఠశాలలో చదివినవారమే. దానిని విడువుమని ఎవరికిని చెప్పము. భాగవతము బుద్ధుని అవతారములలో లెక్కించినది. బౌద్ధులు దాని నంగీకరింపరు. వారి విశ్వాసము వారిది, మన విశ్వాసము మనది. సిద్ధాంతమున వాదించుట వేరు, పూజ్యస్థానమును అవమానించుట వేరు. మన పెద్దలు ఈ రెంటిని కలుపలేదు. దానికి నిదర్శనములు చూపుదుము.

కృష్ణాతీరమున విజయపురి రాజధానిగా మూడవ శతాబ్దమున ఇక్ష్వాకులు పాలించిరి. వారిలో వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమము, వాజపేయము, అశ్వమేధము చేసిన శ్రౌతయాజి. మహాసేనుని భక్తుడు. ఆయన సోదరి శాంతశ్రీ నాగార్జునకొండలో బౌద్ధ మహాచైత్యమును కట్టించెను. అన్న యజ్ఞశాలలో దీక్షవహించెను, చెల్లెలు చైత్యమునకు స్తంభములెత్తించెను. ఒక్క యింటిలోనే ఈ రెండును జరిగినవి.

సముద్రమునకు ఆవల కూడ ఇట్లే జరిగినది. నేటి వియత్నాము మధ్యతీరమున పూర్వము చంపారాజ్య ముండెను. అందొక మండలమునకు అమరావతి యని పేరు. ఆ మండలములోని మీసన్ అను కొండలోయలో నాలుగవ శతాబ్దమున భద్రవర్మ యను రాజు భద్రేశ్వర నామమున శివుని ప్రతిష్ఠించెను. తరువాతి శతాబ్దములలో అచట ఇటుక ఆలయములు పెక్కు లేచినవి. క్రీ.శ. 875లో రెండవ ఇంద్రవర్మ యను రాజు, ఆ లోయకు సమీపముననే, డోంగ్ డువాంగ్ అనుచోట లక్ష్మీంద్ర లోకేశ్వరుని పేర గొప్ప బౌద్ధ విహారమును కట్టించెను. ఆ విహారపు సంస్కృత శాసనముననే భద్రేశ్వర లింగ మహిమయు కీర్తింపబడినది. ఇరువదవ శతాబ్దపు యుద్ధమున బాంబులు ఈ రెండు స్థలములపైనను పడినవి. డోంగ్ డువాంగ్‌లో నేడు మిగిలినది ఒక ద్వారభాగము మాత్రమే. మీసన్‌ను 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మన భారత పురావస్తు శాఖవారు అచట ఆలయములను పునరుద్ధరించుచుండగా 2020లో ఏకశిలా శివలింగ మొకటి బయల్పడినది.

ఇంకొక ముచ్చట. నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకిన బుద్ధధాతువు 1932లో మహాబోధి సంఘమునకు ఒసగబడి సారనాథమున పూజింపబడుచున్నది. 2025 మే మాసమున వైశాఖ పూర్ణిమోత్సవ సందర్భమున దానిని వియత్నామునకు కొనిపోయిరి. హోచిమిన్ నగరము, హనోయి మొదలగు చోట్ల కోటికి పైబడిన జనులు దర్శించిరని ప్రభుత్వము ప్రకటించినది. మన కృష్ణాతీరపు మట్టిలోనుండి వెలువడిన ధాతువును చూచుటకు ఆ దేశీయులు ఎండలో, వానలో బారులు తీరి నిలిచిరి. మనమో, రైలు భట్టిప్రోలులో ఆగినను దిగము!

మన ఉపేక్షకు ఫల మేమైనదో కూడ చెప్పవలయును. ఈ స్తూపమునకు తాపిన పాలరాతి పలకలను పందొమ్మిదవ శతాబ్దమున కాలువ పనులకు తరలించిరి. ఎవరును అడ్డుపడలేదు. లోపల నున్నదేమో మరచిన జనులు దీనికి విక్రమార్కకోట దిబ్బ యని యొక పేరు, నోట పలుకరాని మరియొక పేరు పెట్టిరి. పూజ్యమైనదానికి అపవిత్రమైన పేరు పెట్టుటకంటె అపచార మేమున్నది? ఆ పేరు మీ పిల్లల నోట వినబడినచో దయచేసి మాన్పించుడు. మహాచైత్యమని పలుకుట నేర్పుడు.

దర్శనవిధి సులభము. ప్రాతఃస్నానము చేసి పోవుడు. స్తూపమును కుడివైపున నుంచుకొని మౌనముగా ప్రదక్షిణము చేయుడు. ఇటుకలపైకి ఎక్కవలదు. కుంకుమ చల్లుట, కర్పూరము వెలిగించుట, కొబ్బరికాయ కొట్టుట అచట కూడదు. అవి ఆ స్థలమునకు విహితములు కావు, ప్రాత ఇటుకకు హాని చేయును. జ్ఞాపకార్థమని ఇటుకముక్కనైనను తీసికొనిపోరాదు. అది దేవస్వమువంటిదే. నమస్కరించి, కురుని తల్లిని, తండ్రిని, శివుడను ఆ గృహస్థుని ఒకసారి తలచుకొనుడు. పిమ్మట భావనారాయణస్వామి సన్నిధికి నిశ్చింతగా పొండు. మధ్యలో స్నాన మక్కరలేదు.

శుభమ్.