అరచేతిలో ప్రభు బల్ల

సంస్కారపు ఆదివారము మన కుటుంబములకు ఎలాటి దినము? కొందరికి అది శనివారము సాయంత్రముననే మొదలవుతుంది. బల్లలో పాలుపొందే వరకు పచ్చి మంచినీళ్ళైనా ముట్టని తల్లులు మన పల్లెల్లో ఉన్నారు. మరికొందరికి అది ఆరాధన కొంచెము ఆలస్యముగా ముగిసే దినము మాత్రమే. మనము ఏ గుంపులో ఉన్నామో ఆలోచించుకొనుటకు, రోమను కాథలిక్కు సంఘమునకు చెందిన ఒక దైవజనుని అనుభవము సహాయపడుతుంది.

చెరసాలలో సంస్కారము

ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ తువాన్ గారు 1928లో వియత్నాము దేశములో జన్మించారు. 1953లో గురువుగాను, 1967లో బిషప్పుగాను అభిషేకము పొందారు. 1975 ఏప్రిల్ 24న పోపు ఆరవ పౌలు గారు ఆయనను సైగాను నగరమునకు సహ ఆర్చిబిషప్పుగా నియమించారు. ఆరు దినములకే ఆ నగరము కమ్యూనిస్టు సైన్యముల వశమైంది. ఆగస్టు 15న ఆయనను బంధించారు. విచారణ లేదు, తీర్పు లేదు. 13 సంవత్సరములు చెరలోనే గడిచాయి. అందులో 9 సంవత్సరములు ఒంటరి నిర్బంధము.

కట్టుబట్టలతో వెళ్ళిన ఆయనకు, అవసరమైన వస్తువుల కొరకు తనవారికి ఉత్తరము వ్రాసుకొనుటకు అనుమతి దొరికింది. కడుపునొప్పికి మందు కూడ పంపుడని వ్రాశారు. వారికి సంగతి అర్థమైంది. చిన్న సీసాలో ద్రాక్షారసము పోసి, కడుపునొప్పి మందు అని చీటీ అంటించి పంపారు. అప్పములను చెమ్మ తగలకుండ టార్చిలైటులో దాచి పంపారు. తిమోతి కడుపు జబ్బును గూర్చి పౌలు ఇచ్చిన సలహా (1 తిమోతి 5:23) ఎరిగిన మనకు ఆ ఉత్తరపు భావము సులభముగానే తెలుస్తుంది.

అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసము, ఒక చుక్క నీరు వేసుకొని ఆయన సంస్కారము ఆచరించేవారు. గుడి లేదు, గంట లేదు. అరచెయ్యే పాత్ర.

శిబిరములో ఖైదీలను 50 మంది చొప్పున ఉంచేవారు. ఒక్కొక్కరు పరుండుటకు 50 సెంటీమీటర్ల చోటు. కాథలిక్కులు ఐదుగురు ఆయన దగ్గర పడుకొనేలా సర్దుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు దీపములు ఆర్పగానే ఆయన పడకమీద వంగి, ఆరాధన క్రమమును కంఠతా పలికి, దోమతెర క్రిందుగా రొట్టె అందించేవారు. సిగరెట్టు పెట్టెల కాగితముతో చిన్న సంచులు చేసి, అందులో రొట్టె దాచి, ఇతర గుంపులలోని విశ్వాసులకు చేరవేసేవారు. రాత్రులందు వంతులవారీగా మేల్కొని ప్రార్థించేవారు. విశ్వాసము సడలినవారు బలపడ్డారు. బౌద్ధులలో కొందరు కూడ క్రీస్తును నమ్మారు.

1988 నవంబరు 21న ఆయనకు విడుదల కలిగింది. 2001లో కార్డినల్ అయ్యారు. 2002 సెప్టెంబరు 16న ప్రభువునందు నిద్రించారు.

వారి బోధ, మన బోధ

రొట్టె, ద్రాక్షారసములు క్రీస్తు శరీర రక్తములుగా మారునని కాథలిక్కుల విశ్వాసము. అందుచేతనే మిగిలిన అప్పమును మందసములో భద్రపరచి, దాని దగ్గర దీపము వెలిగించి, మోకరిస్తారు. పుచ్చుకొనుటకు ఒక గంట ముందునుండి ఏమీ తినకూడదని వారి నియమము. లూథరన్ సంఘము అవి మారునని చెప్పదు గాని, రొట్టెతో కూడ ప్రభువు శరీరము నిజముగా ఇయ్యబడునని బోధిస్తుంది. బాప్తిస్టులు ముఖ్యముగా దానిని ప్రభువు మరణ జ్ఞాపకార్థముగా ఆచరిస్తారు. ఈ భేదములు చిన్నవి కావు. అయితే మన బోధ వేరు గనుక మన భక్తి తక్కువైనా ఫరవాలేదని ఏ సంఘమూ బోధించలేదు. జ్ఞాపకము చేసుకొనుమని ఆజ్ఞాపించినవాడు ప్రభువే గదా!

కొరింథు సంఘము నేర్పే పాఠము

కొరింథులో తప్పు ఎక్కడ జరిగింది? కలిగినవారు ముందుగా తిని త్రాగి, లేనివారిని ఆకలితో ఉంచి సిగ్గుపరచారు (1 కొరింథీ 11:20-22). వెంటనే పౌలు ప్రభువు శరీరమును వివేచించుటను గూర్చి వ్రాశాడు. కాబట్టి ప్రక్కన మోకరించిన సహోదరుని గుర్తించుట కూడ ఆ భక్తిలో భాగమే. ఫలాని పేటవారి తరువాత పాత్ర ముట్టనని అనుకొనేవాడు, పొలము గట్టు తగాదాలో సొంత అన్నతో మాటలు మానినవాడు, చెప్పులు విడిచి, చేతులు జోడించి వచ్చినా ప్రయోజనమేమి? చెరసాలలో ఆ ఖైదీలు తమకున్న కొంచెము రొట్టెను అవతలి గుంపులకు కూడ పంచారు!

అలాగని, తగినవాడను కానని నెలలు గడిచినా వెనుక బెంచీలో కూర్చుండిపోవుట కూడ మార్గము కాదు. పరీక్షించుకొని మానుకొనుమని కాదు, పరీక్షించుకొని పుచ్చుకొనుమనియే పౌలు చెప్పాడు (11:28).

మన ఇండ్లలో ఏమి చేయగలము?

1. శనివారము రాత్రి కుటుంబ ప్రార్థనలో 1 కొరింథీ 11:23-32 చదువుకొందము.

2. ఎవరితోనైనా మాటలు లేకుంటే, తెల్లవారకముందే వారి గడప తొక్కుదము.

3. బల్ల అర్థమును పిల్లలకు ఇంటివద్దనే వివరించుదము.

4. మంచము పట్టిన వృద్ధుల పేర్లు సంఘకాపరిగారికి తెలియజేసి, వారి ఇంటికి సంస్కారము చేరేలా చూతము.

ఆ చెరలో మూడు చుక్కలే దొరికాయి. మనకు తెరచిన గుడి ఉన్నది, కాపరి ఉన్నాడు, నిండిన పాత్ర ఉన్నది. వచ్చే సంస్కారపు ఆదివారమున ఆ మూడు చుక్కలను తలంచుకొని బల్ల యొద్దకు వెళ్ళుదము. ప్రభువు అట్టి భయభక్తులు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.