పసుపు అమ్మకాలు ముగిశాక.. అండమాన్‌ తీరాలకు

ఆర్మూరు: సిద్ధులగుట్ట రాళ్లు, పసుపు చేలు, పోచంపాడు వెనుక జలాలు.. ఆర్మూరు వాసులకు తెలిసిన ప్రకృతి ఇదే. ఏ దిక్కుకు బయలుదేరినా సముద్రం వందల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. ఉపాధికి గల్ఫ్‌ వెళ్లి వచ్చినవారికి దుబాయ్‌ తీరం పరిచయమే గానీ, ఇంటి దగ్గర ఉండి వ్యవసాయం చూసుకున్నవారికి ఆ భాగ్యం తక్కువ. జనసమ్మర్దం లేని స్వచ్ఛమైన తీరాలను చూడాలనుకునేవారికి విదేశాలకు వెళ్లనవసరం లేకుండా మన దేశంలోనే అండమాన్‌ దీవులు ఉన్నాయి. చిన్నా పెద్దా కలిపి 836 దీవులు, రాతిదిబ్బలు ఉండగా జనం నివసించేవి సుమారు 30 మాత్రమే. భూభాగంలో ఎనభై శాతానికి పైగా అడవే.

ఆ నీటికి ఆ రంగు ఎందుకు?

బాపట్ల, మచిలీపట్నం తీరాల్లో నీరు మట్టిరంగులో కనిపిస్తుంది. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే ఒండ్రు ఇందుకు ప్రధాన కారణం. బాసర మీదుగా మన జిల్లాను ఒరుసుకుని పారే నీరే చివరకు ఆ తీరానికి చేరుతుంది. అండమాన్‌లో అంతటి పెద్ద నదులు లేవు. పైగా ఇసుకలో అధికభాగం పగడపు దిబ్బలు, గవ్వల పొడి. అందుకే అక్కడ ఇసుక తెల్లగా, నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. పగడపు దిబ్బ చచ్చిపోతే కొన్నేళ్లకు ఆ ఇసుకా, ఆ తేటదనమూ తగ్గిపోతాయన్నది యాత్రికులు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

సాగు లెక్కల్లో సమయం

నైరుతి రుతుపవనాలు సాధారణంగా మే మూడో వారంలో అండమాన్‌ను తాకుతాయి. ఆ తర్వాత సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు తరచూ రద్దవుతాయి. నవంబరు నుంచి మే మొదటి వారం వరకు అనుకూలం. పసుపు తవ్వకం జనవరిలో మొదలై, ఉడకబెట్టి ఆరబెట్టి నిజామాబాద్‌ యార్డుకు చేర్చేసరికి వేసవి వస్తుంది. కాబట్టి సరుకు అమ్ముకున్న రైతుకు ఏప్రిల్‌ ఒక్కటే చేతికి అందే నెల. వ్యాపారులు, ఉద్యోగులు డిసెంబరులో వెళ్లవచ్చు గానీ అప్పుడు రద్దీ, గదుల అద్దెలు రెండూ ఎక్కువే.

శంషాబాద్‌ నుంచి విమానంలో వెళ్లడం సులువు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి నౌకలు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువే కానీ మూడు రోజుల వరకు పడుతుంది. రాజధాని పోర్ట్‌ బ్లెయిర్‌ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. అండమాన్‌లోని సాధారణ పర్యాటక ప్రాంతాలకు భారతీయులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. గుర్తింపు కార్డు తప్పనిసరి.

ఏ తీరం చూడాలి?

అందరూ చెప్పే పేరు రాధానగర్‌. హేవ్‌లాక్‌ దీవిలో ఉంది. 2018 డిసెంబరులో ఈ దీవికి స్వరాజ్‌ ద్వీప్‌ అని పేరు పెట్టారు. 2004లో టైమ్‌ పత్రిక ఈ తీరాన్ని ఆసియాలో ఉత్తమమైనదిగా పేర్కొంది. 2020లో దేశంలో తొలిసారి ‘బ్లూ ఫ్లాగ్‌’ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో విశాఖ రుషికొండతో పాటు ఇదీ ఒకటి. అయితే పేరు వచ్చిన చోటికి జనమూ వస్తారు. ఏకాంతం కోరేవారు నీల్‌ దీవి (షహీద్‌ ద్వీప్‌)లోని సీతాపూర్‌, లక్ష్మణ్‌పూర్‌ తీరాలకో, లాంగ్‌ ఐలాండ్‌లోని లాలాజీ బేకో వెళ్లడం మేలు.

అన్నింటికన్నా విచిత్రం ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌ సమీపాన ఉన్న రాస్‌, స్మిత్‌ జంట దీవులు. ఆటు సమయంలో రెంటి నడుమ ఇసుక దారి తేలుతుంది, పోటు వస్తే మునుగుతుంది. పోచంపాడు నీటిమట్టం ఏడాదిలో ఒకసారి నిండి తగ్గుతుంది. సముద్రం అక్కడ రోజుకు రెండుసార్లు ఆ పని చేస్తుంది. కాబట్టి ఆటుపోట్ల వేళలు కనుక్కోకుండా ఇసుక దారి మీద నడవడం ప్రమాదం. డిగ్లీపూర్‌ దగ్గరి కాలీపూర్‌ తీరానికి నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు వస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఈ ఉత్తర ప్రాంతం కొంత పైకి లేచి, నీటిలోని పగడాలు బయటపడి చచ్చిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్‌ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది.

డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. మన వేళల ప్రకారం బయలుదేరితే చీకటే మిగులుతుంది.

చేయకూడనివి

కొన్ని వాగుల ముఖద్వారాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, చీకటి పడ్డాక నీటిలోకి దిగరాదు. చెరువులో ఈత వచ్చు కదా అన్న ధీమా సముద్రంలో పనికిరాదు. లోపలికి లాగే ప్రవాహం ముందు ఈతగాడి బలం చాలదు.

చచ్చిన పగడమైనా సరే ఏరుకొని సంచిలో వేసుకుంటే నేరమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది. విమానాశ్రయంలో పట్టుబడితే ఇబ్బందులు తప్పవు. వండూర్‌ సమీపంలోని జాలీ బాయ్‌ దీవికి ప్లాస్టిక్‌ సీసాలను అనుమతించరు. జారవాల నివాస ప్రాంతం మీదుగా వెళ్లే రహదారిపై వారి ఫొటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం నిషిద్ధం. వారికి బయటి రోగాలను తట్టుకునే శక్తి తక్కువన్న సంగతి ఈ నిబంధనకు మూలం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి.

భాష ఇబ్బంది లేదు

2011 జనగణన ప్రకారం దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. తెలంగాణకూ ఈ దీవులతో పాత బంధం ఉంది. 1857 జూలైలో హైదరాబాద్‌ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఆంగ్లేయులు అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

దక్షిణాన ఉన్న నికోబార్‌ దీవులకు మాత్రం సాధారణ పర్యాటకులకు ప్రవేశం లేదు. గ్రేట్‌ నికోబార్‌లోని గలాథియా తీరం పెద్ద తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్య స్థలం. అక్కడి అభయారణ్యం హోదాను 2021 జనవరిలో తొలగించారు. ఓడరేవు సహా భారీ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది.